నిమ్మగడ్డి నూనె బట్టీ: మూతకి సీల్ వేసే పద్ధతి

నిమ్మగడ్డి, పామరోజా (ఒక సువాసన గడ్డి), జామాయిల్ ఆకు లాంటివాటి నుంచి ఇంట్లో ఆవిరితో నూనె తీసేటప్పుడు ఎక్కువగా విసిగించేది మూత దగ్గరి లీకు. 2 కిలోల నిమ్మగడ్డికి వచ్చే నూనే 6 నుంచి 10 మిల్లీలీటర్లు. మూత సందులోంచి ఆవిరి పోతే అందులో సగం వంటగది గాలిలో కలుస్తుంది. దాంతో కొందరు మూతకి చిల్లులు వేసి బోల్టులు బిగిస్తారు, సందులో ఎం-సీల్ పూస్తారు. లీకు ఆగుతుంది కానీ బట్టీ బాంబు అవుతుంది.

లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం, 28 సెంటీమీటర్ల లోతు ఉన్న స్టీలు గిన్నెలో దాదాపు 20 లీటర్లు పడతాయి. దాని మూత వైశాల్యం 707 చదరపు సెంటీమీటర్లు. లోపల చదరపు సెంటీమీటరుకి 0.1 కిలో ఒత్తిడి చేరినా మూతని 70 కిలోల బలం పైకి తోస్తుంది. కుక్కర్ వెయిట్ ఒకటి మూతకి బిగిస్తే చాలనుకోవడం తప్పు. అది లేచేది చదరపు సెంటీమీటరుకి 1 కిలో ఒత్తిడి దగ్గర. అప్పటికి మూత మీద 700 కిలోలు ఉంటాయి, పల్చటి గిన్నె అంతవరకు ఆగదు. అందుకే సీల్ వాసనని ఆపేంత గట్టిగా, ఒత్తిడికి లొంగేంత మెత్తగా ఉండాలి. ఆవిరిని మూత నుంచి బయటికి తీసుకెళ్ళే పైపు మూసుకుపోయిన రోజున ముందుగా తెరుచుకోవాల్సింది సీలే.

ఇంటి బట్టీకి పిండి సీల్‌ని మించింది లేదు. దమ్ బిర్యానీ హండీకి పెట్టేలాంటిదే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసే రాగి పాత్రలకి మట్టి, దూది కలిపి ఇదే పని చేస్తారు. 30 సెంటీమీటర్ల మూత చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. దానికి 2 సెంటీమీటర్ల మందం పిండి తాడు చుట్టాలంటే 350 గ్రాముల పైచిలుకు ముద్ద కావాలి. 250 గ్రాముల మైదాకి 125 మిల్లీలీటర్ల నీళ్ళతో మొదలుపెట్టి, అవసరమైతే చెంచాడు చొప్పున పెంచండి. పూరీ పిండి కంటే కాస్త మెత్తగా ఉండాలి. ఉప్పు, నూనె వద్దు. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు నాననిస్తే జిగురు సాగుతుంది. గోధుమపిండి కూడా పనికొస్తుంది. బియ్యప్పిండి, జొన్నపిండి పనికిరావు. వాటిలో సాగే జిగురు లేదు, పది నిమిషాల్లో పగుళ్ళిస్తాయి.

పిండి కలిపే ముందే గిన్నె అంచు చూసుకోవాలి. గిన్నెని గ్రానైట్ బండ మీద బోర్లించి చుట్టూ విజిటింగ్ కార్డు దూర్చి చూడండి. కార్డు ఒక్కటే దూరితే ఫరవాలేదు. నాలుగైదు కలిపి దూరిన చోట అంచు వంగినట్టే, దాన్ని చెక్క సుత్తితో సరిచేయాలి. 2 మిల్లీమీటర్ల వరకు పిండి సర్దుకుంటుంది, అంతకు మించితే ఆవిరి దారి చేసుకుంటుంది. పోయినసారి నూనె జిడ్డు అంచుకి మిగిలి ఉంటే సబ్బు పెట్టి తోమండి. జిడ్డు మీద పిండి అంటుకోదు.

గిన్నెలో 8 లీటర్ల నీళ్ళు పోసి, 13 సెంటీమీటర్ల ఎత్తులో చిల్లుల పళ్ళెం పెట్టి, దాని మీద తరిగిన గడ్డి పరవండి. పైన కనీసం 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచాలి. కూరి నింపితే గడ్డి ముక్కలు ఎగిరి పైపు నోట్లో ఇరుక్కుంటాయి. ఇలాంటి బట్టీల్లో ఒత్తిడి పెరగడానికి మామూలు కారణం ఇదే. పైపు మూతిని లోపలివైపు నుంచి స్టీలు జాలీతో కప్పండి, జాలీ పైపు కంటే నాలుగు రెట్లు వెడల్పుండాలి.

ఇక సీల్. అంచుని తడిచేతితో తుడిచి, మూత బోర్లించండి. తాడుని మూత, గిన్నె కలిసే గీత మీద బయటివైపు నుంచి అదమండి. లోపలివైపు పెట్టారంటే పిండి నీళ్ళలోకి జారి గంజి అవుతుంది, నురగ పొంగి కండెన్సర్‌లోకి (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే గొట్టం) వెళ్తుంది. బొటనవేలితో సగం మూత వైపు, సగం గిన్నె వైపు నొక్కుతూ తిరగండి. తాడు చివరలు రెండూ 3 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడాలి, ఎక్కువ లీకులు ఆ అతుకు దగ్గరే. పైన తడి గుడ్డపీలిక చుట్టండి. గుడ్డ తడిగా ఉన్నంతసేపు పిండి పగలదు, గట్టిపడి మూతకి అతుక్కుపోదు కూడా. గుప్పెడు పిండి పక్కన మిగుల్చుకోండి.

మూత మీద బిగింపులు వద్దు, బరువు పెట్టండి. మూత 1 కిలో ఉందనుకుంటే రెండు కిలోల తూకంరాళ్ళు రెండు ఎదురెదురుగా పెడితే మొత్తం 5 కిలోలు. లోపలి ఒత్తిడి 7 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం కాగానే మూత కదులుతుంది, పిండి ఒక పక్క ఊడి ఆవిరి బయటికి పోతుంది. మూత బరువే సేఫ్టీ వాల్వు. అయితే మూత లేవడానికి పైపు అడ్డుపడకూడదు. మూత నుంచి వచ్చే పైపు కండెన్సర్ పైపులో దూరి జారేలా ఉంచి, ఆ సందుని టెఫ్లాన్ టేపుతో మూయండి. గట్టిగా వెల్డింగ్ చేసి స్టాండుకి కట్టేస్తే పైన చెప్పిన లెక్కంతా వృథా. మూతకి పైపు బిగించే చోట అర అంగుళం స్టీలు ట్యాంక్ నిపుల్ (నీళ్ళ ట్యాంకు చిల్లుకి పైపు బిగించే మర ముక్క) సరిపోతుంది, దానితో వచ్చే రబ్బరు వాషర్ మాత్రం పారేసి టెఫ్లాన్ షీటుతో కత్తిరించుకోండి.

సీల్ బాగానే వేసినా అరగంటలో ఎక్కడో బుస్సుమంటుంటే పిండిని తిట్టుకోకండి, పైపు చూడండి. పెద్ద బర్నర్ పూర్తి మంట మీద ఆవిరి గంటకి రెండు లీటర్ల నీళ్ళంత వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 15 మిల్లీమీటర్ల పైపులో అది తేలిగ్గా పోతుంది. 8 మిల్లీమీటర్ల రాగి గొట్టం మూడు మీటర్లు చుట్టారంటే గొట్టంలోని రాపిడే మన 7 సెంటీమీటర్ల హద్దుని దాటిస్తుంది. గొట్టం ఎక్కడా వేలాడకుండా ఒకే వాలులో దిగాలి. మధ్యలో పల్లం ఉంటే అక్కడ నీరు నిలిచి బిరడా అవుతుంది. నూనె పట్టే సీసా మూతి తెరిచే ఉండాలి, గొట్టం కొస సీసాలోని నీటిలో మునగకూడదు. మునిగి ఉంటే మంట ఆపగానే లోపలి ఆవిరి నీరై ఆ చన్నీటిని వెనక్కి గిన్నెలోకి లాగేస్తుంది.

మొదటి చుక్క పడేదాకా మంట మధ్యస్థంగా ఉంచండి. లీకు వెతకడానికి చెయ్యి పెట్టొద్దు, కంటికి కనపడని ఆవిరే ఎక్కువ కాలుస్తుంది. చల్లటి స్టీలు గరిటె సీల్ పక్కన తిప్పండి, మసక పట్టిన చోట మిగిలిన పిండి అద్దండి. మూత ఊగుతూ, కండెన్సర్ కొస నుంచి చుక్క ఆగిపోతే పైపు మూసుకున్నట్టే. మంట ఆపి దూరంగా ఉండండి, బరువు తీయడానికి కూడా వెళ్ళకండి. నూనె సీసాని పొయ్యికి కనీసం మీటరున్నర దూరంలో పెట్టండి. జామాయిల్ నూనె ఆవిరి 50 డిగ్రీలకి కాస్త ముందే నిప్పు అందుకుంటుంది. ఇండక్షన్ పొయ్యి ఉంటే అదే మంచిది. ఈ బట్టీలో నీళ్ళు, ఆకు తప్ప ఇంకేదీ పోయకండి. సారా కాచడం నేరం, పైగా ఆ ఆవిరి మంటకి ఇట్టే అంటుకుంటుంది.

నిమ్మగడ్డి రెండున్నర, మూడు గంటల్లో అయిపోతుంది కాబట్టి పిండి చాలు. వట్టివేరు పదహారు గంటల పైనే కాగాలి, అంతసేపు పిండి నిలవదు. దానికి గ్యాస్కెట్ (మూతకీ గిన్నె అంచుకీ మధ్య పెట్టే రింగు) కావాలి. సైకిల్ ట్యూబు, మామూలు రబ్బరు ఈ నూనెలకి ఉబ్బి జిగటవుతాయి, వాసన నూనెకి పడుతుంది. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ వేడికి ఆగుతుంది కానీ అదీ నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. టెఫ్లాన్‌కి ఏమీ కాదు, కాకపోతే నొక్కితే అణగదు. కాబట్టి రెండూ కలపండి. 8 మిల్లీమీటర్ల సిలికాన్ త్రాడు 94 సెంటీమీటర్లు కోసి, కొసలు ఏటవాలుగా కత్తిరించి కలపండి. దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లంబర్ టెఫ్లాన్ టేపు సగం సగం పడేలా మూడు పొరలు చుట్టండి. ఒక్కో పొరకి 4 మీటర్లు పైనే పడుతుంది, కాబట్టి 10 మీటర్ల చుట్టలు రెండు తెచ్చుకోండి. దీని మీద కూడా అవే తూకంరాళ్ళు, బోల్టులు కాదు. టేపు ఎక్కడైనా చిరిగి త్రాడు కనపడితే అక్కడ అతుకు వేయకుండా మొత్తం విప్పి కొత్తది చుట్టండి.

మంట ఆపాక అరగంట ఆగి, ముందు మీకు అవతలివైపు అంచుని ఎత్తండి. ఎండిన పిండిని తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నానబెడితే చెక్క గరిటెకే ఊడొస్తుంది. కత్తితో గీకితే అంచు మీద గాట్లు పడి, వచ్చేసారి లీకు అక్కడే మొదలవుతుంది.