పాత పార్కుల టికెట్లు, ఫొటోలు సేకరించి దాచుకోవడం ఎలా?

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు పెరిగినవాళ్లను చిన్నప్పుడు మద్రాసులో ఏం చూశారని అడగండి. సెంట్రల్ స్టేషన్, మెరీనా బీచ్, ఆ వెంటనే వీజీపీ అమ్యూజ్‌మెంట్ పార్కు అంటారు. బడి ఎక్స్‌కర్షన్‌కి వచ్చినా, పెళ్లి బట్టలకని టీ నగర్ వచ్చినా, పిల్లలు మొండికేస్తే ఒక పూట వీజీపీకి పోక తప్పేది కాదు. అక్కడ నవ్వకుండా, కదలకుండా బొమ్మలా నిలబడే మనిషిని నవ్వించబోయి మనమే నవ్వుకుని వచ్చేవాళ్లం.

నాకు ఆ పార్కుల పిచ్చి ఇంకా తగ్గలేదు. ఇప్పుడు రోలర్ కోస్టర్ ఎక్కితే రెండు రోజులు మెడ పట్టేస్తుంది కాబట్టి రైడ్లు మానేసి కాగితాల మీద పడ్డాను. పాత టికెట్లు, కరపత్రాలు, పార్కు మ్యాపులు, చేతికి కట్టే బ్యాండ్లు, ఎవరెవరి ఇళ్లలోనో పడి ఉన్న ఫొటోలు పోగేస్తుంటాను. ఇంట్లో ఆ పెట్టెకి 'చెత్త పెట్టె' అని పేరు. పార్కులవాళ్లు పాత రైడ్ తీసేస్తే అది తుక్కు కిందకి పోతుంది, ఆ జాగాలో కొత్తది వస్తుంది. ఢిల్లీలో 1982 ఏషియాడ్ ఆటల గుర్తయిన ఏనుగు బొమ్మ 'అప్పూ' పేరు మీద 1984లో తెరిచిన అప్పూ ఘర్ 2008లో మూతపడింది. ఇప్పుడు దాని గురించి తెలుసుకోవాలంటే జనం ఇళ్లలోని ఆల్బమ్‌లే దిక్కు. మీకూ ఈ సరదా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, నేను చేసిన తప్పులు ఎలా తప్పించుకోవాలో చెబుతాను.

ముందు ఒక్క పార్కును ఎంచుకోండి

దొరికిందల్లా పోగేస్తే ఆర్నెల్లకే విసుగొస్తుంది. మీరు చిన్నప్పుడు వెళ్లిన పార్కు ఒకటి పట్టుకోండి. చెన్నై వైపైతే వాచీలు, రేడియోలు వాయిదాల మీద అమ్మి పేరు తెచ్చుకున్న వీజీ పన్నీర్‌దాస్ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పెట్టిన వీజీపీ ఉంది. ఆ దారిలోనే ఎంజీఎం పార్కు ఉంది. తాంబరం దగ్గర కిష్కింధా ఉంది. మన దేశంలో మొదటి 3డీ సినిమా నిర్మించిన నవోదయ అప్పచ్చన్ 1995లో పెట్టిన పార్కు అది. బెంగళూరువాళ్లకి మైసూరు రోడ్డులో 2005లో వచ్చిన వండర్‌లా ఉంది. ఆ సంస్థ మొదటి పార్కు 2000లో కొచ్చిలో వీగాలాండ్ అనే పేరుతో మొదలైంది. ఆ పాత పేరున్న కాగితం ఏది కనబడినా వదలకండి.

తర్వాత చుట్టాల ఇళ్లకు వెళ్లండి

చాలామంది నేరుగా ఆన్‌లైన్‌లో కొనడానికి పోతారు. నా లెక్కలో అది ఆఖరి పని. చెన్నై పార్కుల చరిత్ర సగం నెల్లూరు, చిత్తూరు జిల్లాల ట్రంకు పెట్టెల్లో ఉంది. నాకు దొరికిన మొదటి మంచి ఫొటో గూడూరులో మా పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, పాత క్యాలెండర్ కాగితం చుట్టి ఉంది.

"ఆ పాత ఫొటోలు నీకెందుకు నాయనా?" అంది.

"వెనకాల రంగులరాట్నం ఉంది చూడు పెద్దమ్మా, అది ఇప్పుడు లేదు."

"రంగులరాట్నం సంగతి నాకు తెలీదు గానీ, ఆ రోజు మీ పెదనాన్న పర్సు పోగొట్టుకున్నాడు. పులిహోర డబ్బా ఒక్కటే మిగిలింది మాకు" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పింది.

ఆ గంట ఫొటోకన్నా విలువైనది. అందుకే వెళ్లేటప్పుడు ఫోన్లో రికార్డింగ్ పెట్టుకోండి, ముందుగా అడిగి. "ఏ సంవత్సరంలో వెళ్లారు?" అంటే ఎవరికీ గుర్తుండదు. "అప్పటికి చిన్నోడు పుట్టాడా?", "ఇల్లు కట్టక ముందా తర్వాతా?", "రైల్లో వచ్చారా, టూరిస్ట్ బస్సులోనా?" అని అడిగితే తీగ కదులుతుంది. మా పెద్దమ్మ ఫొటోలో పిల్లలు నలుగురూ గుండ్లతో ఉన్నారు. తిరుమలలో మొక్కు తీర్చుకుని అట్నుంచి అటే మద్రాసు వచ్చారన్నమాట. ఆ మొక్కు మా చిన్నక్కకి టైఫాయిడ్ తగ్గినందుకట. టైఫాయిడ్ ఎప్పుడొచ్చిందో మా అమ్మకి తెలుసు. అలా గుండ్లను బట్టి సంవత్సరం పట్టుకున్నాం.

ఒరిజినల్ ఇమ్మని పట్టుబట్టకండి. అక్కడే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తే, తర్వాత వాళ్లే ఇంకో కవరు వెతికి పెడతారు. నెగెటివ్‌లు ఉన్నాయేమో తప్పకుండా అడగండి. ప్రింట్ రంగు పోయినా నెగెటివ్ బాగుండే అవకాశం ఎక్కువ. స్టూడియోవాళ్లు ఇచ్చిన కవరు మీద తేదీ కూడా రాసి ఉండొచ్చు.

తేదీ లేని కాగితానికి వయసు కట్టండి

ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే, కొంచెం డిటెక్టివ్ పని. టికెట్ మీద 'మద్రాసు' అని ఉంటే 1996కి ముందుది అయ్యుండొచ్చు. పేరు మారింది ఆ ఏడాదే. అయితే పాత అచ్చు మిగిలిపోతే ఎవరూ పారెయ్యరు కదా, ఈ ఒక్క గుర్తుతోనే తేల్చెయ్యకండి. ఫోన్ నంబర్ లెక్కపెట్టండి. చెన్నై ల్యాండ్‌లైన్ ఆరంకెల నుంచి ఏడుకి, 2000ల మొదట్లో ముందు 2 చేరి ఎనిమిదికి పెరిగింది. వెబ్‌సైట్ అడ్రస్ ఉంటే 1995 తర్వాతిది. మన దగ్గర మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది ఆ ఆగస్టులోనే. రూపాయి గుర్తు ₹ అచ్చయి ఉంటే 2010 జూలైకి ముందుది కాదు.

పన్ను ఇంకా కచ్చితంగా చెబుతుంది. జీఎస్టీ ఉంటే 2017 జూలై 1 తర్వాతిది. అందులోనూ 28 శాతం అని ఉంటే పండగే, ఎందుకంటే పార్కుల టికెట్ల మీద ఆ రేటు ఏడాది కూడా లేదు. 2018 జనవరి 25 నుంచి 18 శాతానికి దించారు. అంటే ఆ టికెట్ ఆ ఏడు నెలల్లోదే.

ఫొటో మూలన నారింజ రంగులో కెమెరా వేసిన తేదీ కనబడితే వెంటనే నమ్మకండి. బ్యాటరీ మార్చాక తేదీ సరిచెయ్యని కెమెరాలు ఎన్నో. ఎండాకాలం సెలవులని ఇంట్లో అందరూ చెబుతుంటే ఫొటో మీద జనవరి ఒకటి అని ఉన్నవి నా దగ్గరే మూడున్నాయి.

పార్కు ప్రకటనలతో సరిపోల్చుకోవాలంటే పాత పత్రికలు తిరగెయ్యండి. ఎగ్మూరులోని కన్నెమెర లైబ్రరీ దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికల కాపీలు చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఒకటి. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ ఉంది. మనం చెత్త అనుకునే నోటీసులు, ఆహ్వాన పత్రికలు కూడా దాచిన ఒక సేకర్త పెట్టెల నుంచి 1994లో పుట్టిన లైబ్రరీ అది. అక్కడికి వెళ్లొచ్చాక నా చెత్త పెట్టె మీద నాకే గౌరవం పెరిగింది. పత్రికలు ఏప్రిల్, మే నెలలవి ముందు చూడండి. సెలవుల్లోనే పార్కుల ప్రకటనలు ఎక్కువ.

దాచే ముందు స్కాన్ చెయ్యండి, లామినేషన్ మాత్రం వద్దు

ఇది నా సొంత తప్పు, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. ఒక స్నేహితుడు వాళ్ల నాన్నగారితో ఆఖరిసారి వెళ్లిన వాటర్ పార్క్ టికెట్ నాకిచ్చాడు. అక్షరాలు మసకబారుతున్నాయని, భద్రంగా ఉంటుందని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి లామినేట్ చెయ్యమన్నాను. మిషన్‌లోకి తెల్లగా వెళ్లింది. ఇటు వైపు మొదట అంచు వచ్చింది, బూడిద రంగులో. అది చూసి ఆపమనేలోపు మొత్తం బయటికొచ్చేసింది, బొగ్గులా నల్లగా, ఒక్క అక్షరం లేకుండా, ఇంకా వేడిగా. షాపు కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బులొద్దు సార్" అన్నాడు.

ఏం జరిగిందంటే, బస్సు టికెట్, ఏటీఎం స్లిప్ లాంటివి థర్మల్ కాగితం మీద వస్తాయి. అందులో ఇంకు ఉండదు. కాగితం మీద పూసిన రసాయనమే వేడి తగిలినచోట నల్లబడి అక్షరం అవుతుంది. లామినేషన్ వేడి కాగితమంతా తగిలితే కాగితమంతా అక్షరమే. మీ టికెట్ థర్మల్ అవునో కాదో తెలియాలంటే అక్షరాలు లేని మూలన గోటితో గట్టిగా ఒక్క గీత గియ్యండి. నల్లగా గీత పడితే అదే. ఆ రకం టికెట్లు ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకరోజు వెలిసిపోతాయి. వెలుతురు, చేతి జిడ్డు, మెత్తటి పీవీసీ కవర్లు అన్నీ దానికి పడవు. కాబట్టి దొరికిన రోజే స్కాన్ చెయ్యండి.

చిన్న టికెట్లకి, ఫొటోలకి స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) పెట్టండి. వెనక వైపు కూడా స్కాన్ చెయ్యాలి, ధరలు, షరతులు అక్కడే ఉంటాయి. ఫైల్ పేరులో పార్కు, సంవత్సరం, ఎవరిచ్చారో రాయండి. ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో చాలు.

అసలు కాగితాలకి పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్ కవర్లు తీసుకోండి. సెల్లోటేప్ ఎక్కడా వెయ్యొద్దు, పసుపురంగు మచ్చ వదిలి ఊడిపోతుంది. ఫొటో వెనక బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ముందువైపు గీతలు ఉబ్బుతాయి, మెత్తని పెన్సిల్‌తో రాయండి. జిగురు పేజీల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉండే పాత ఆల్బమ్‌లు ఫొటోలకి శత్రువులు. అంటుకుపోయిన ఫొటోని లాగకుండా, వెనకనుంచి డెంటల్ ఫ్లాస్ దారాన్ని రంపంలా మెల్లగా ఆడించండి. రాకపోతే వదిలేసి పేజీతో సహా స్కాన్ చేసుకోండి.

చెన్నై తేమ సంగతి చెప్పనక్కర్లేదు. అటక మీద వేడి, నేలమీద చెమ్మ. 2015 డిసెంబరు వరదల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లు ముద్దయిపోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. బీరువా మధ్య అరలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన వేసి పెట్టండి. కలరా ఉండలు మాత్రం ఫొటోల దగ్గర వద్దు.

కొనాలంటే

శుక్రవారం పల్లావరం సంత నాకు ఇష్టం. లోకల్ ట్రైన్ దిగి నడిచే దూరమే. అరిగిపోయిన టేప్‌రికార్డర్లు, ఇత్తడి సామాను, కుక్కపిల్లల మధ్య పాత కాగితాల గుట్టలు కనబడతాయి. "పార్కు టికెట్లు ఉన్నాయా?" అని అడిగారంటే ధర పెరుగుతుంది. పాత గ్రీటింగ్ కార్డులు, క్యాలెండర్ల కోసం వచ్చినట్టు అడిగి గుట్ట మొత్తం తిరగెయ్యండి. నేనలా ఒక కరపత్రం నలభై రూపాయలకి తెచ్చుకున్నాను. దాని వెనక ఎవరో పచారీ లెక్క రాసుకున్నారు: కందిపప్పు, చింతపండు, రిన్ సబ్బు. తెలుగులో. అది అచ్చు వైపు కన్నా నాకు ముద్దు.

విదేశీ సరుకు మీద మోజుంటే డిస్నీల్యాండ్ టికెట్ పుస్తకాల కథ తెలుసుకుని దిగండి. 1955లో ఆ పార్కు తెరిచాక రైడ్లను ఏ, బీ, సీ తరగతులు చేసి టికెట్లు పుస్తకంగా కుట్టి అమ్మేవారు. తర్వాత డీ, 1959లో అన్నిటికన్నా గొప్ప రైడ్ల కోసం ఈ-టికెట్ వచ్చాయి. 1982లో ఆ పద్ధతే ఎత్తేశారు. జనం ఈ-టికెట్లన్నీ ముందే వాడేసి, చిన్న రైడ్ల ఏ-టికెట్లు ఇంటికి తెచ్చుకునేవారు. అందుకే ఇప్పుడు ఏ-టికెట్లు తేలిగ్గా దొరుకుతాయి, వాడని ఈ-టికెట్‌కే గిరాకీ. 'అరుదైన ఏ-టికెట్' అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

మూతపడిన పార్కు గోడ దూకి బోర్డులు, సీట్లు ఊడదీసుకొచ్చే వాళ్లుంటారు. ఆ పని చెయ్యకండి, అలా తెచ్చింది కొనకండి. తుప్పుపట్టిన రైడ్ కింద నిలబడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కావాలంటే యజమానులకి ఉత్తరం రాసి అడగండి. నాకు రెండుసార్లు జవాబు రాలేదు, మూడోసారి ఒక మేనేజర్ పిలిచి టీ ఇచ్చి పాత మ్యాపు ఇచ్చారు.

ఇవాళ్టివీ దాచండి

2025 డిసెంబరులో చెన్నైలో వండర్‌లా తెరిచారు. ఇప్పుడు టికెట్ అంటే ఫోన్లో క్యూఆర్ కోడ్, కాగితమే లేదు. కాబట్టి ఆ స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసుకోండి. చేతి బ్యాండ్ కోసేటప్పుడు అచ్చు ఉన్నచోట కాకుండా అతుకు దగ్గర కొయ్యండి. క్యూలో నిలబడ్డప్పుడు ఊరికే ఉండకుండా, రైడ్ స్తంభం మీద తయారీదారు పేరు, సంవత్సరం ఉన్న రేకు కనబడితే ఫొటో తియ్యండి. క్యాంటీన్ ధరల బోర్డు, ఎత్తు కొలిచే బొమ్మ, ముందుకీ వెనక్కీ ఊగే 'కొలంబస్' పడవ ఎక్కేముందు మీవాళ్ల మొహాలు కూడా తియ్యండి. సెల్ఫీల్లో మన తలకాయలే ఉంటాయి, వెనకాల రైడ్ కనబడదు. కనీసం ఒక్క ఫొటోలోనైనా పక్కకి జరగండి.