ఫిన్నిష్ చదివితే తెలుస్తోంది, వింటే తెలియడం లేదా?

ఫిన్లాండ్‌లో హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పోకి వచ్చిన మొదటి వారంలో కూరగాయలు కొని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అప్పటికి ఏడు నెలలుగా ఒక్కడినే పుస్తకం, యాప్ పెట్టుకుని ఫిన్నిష్ చదువుతున్నాను. కౌంటర్‌లో ఆవిడ ‘కుయిత్తియ?’ అంది. ఒక్క మాట. రసీదు కావాలా అని అడుగుతోందని నాకు తట్టనే లేదు. నా పుస్తకంలో అదే ప్రశ్న ‘హలుఅత్తెకొ కుయితిన్?’ అని నిండు వాక్యంగా ఉంది మరి. ఆ రోజు నుంచి నాకు ఎక్కడ అడ్డం పడుతోందో, ఎందుకు పడుతోందో రాసుకుంటూ వచ్చాను. సొంతంగా నేర్చుకునే తెలుగువాళ్ళు చాలామందికి ఇవే ఇబ్బందులు కాబట్టి ఆ రాతల్నే ఇక్కడ పెడుతున్నాను.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఫిన్నిష్ మనకు కష్టమనిపించడానికి సగం కారణం మనం దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం. తెలుగు మీదుగా వెళ్తే దారి చాలా దగ్గర.

ఫిన్నిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. అందులో ‘్యా’ కనిపించిన చోటల్లా ‘బ్యాంకు’లో పలికే అచ్చు అనుకోండి, కాకపోతే పొట్టిగా.

చదివితే అర్థమవుతుంది, మనుషులు మాట్లాడితే ఒక్క ముక్క అందదు

కారణం మీ చెవి కాదు. మీరు నేర్చుకున్నది రాత భాష, వాళ్ళు మాట్లాడేది వాడుక భాష. ‘నేను వెళ్ళుచున్నాను’ అని పుస్తకంలో నేర్చుకున్న విదేశీయుడు వరంగల్‌లో దిగి ‘పోతున్న’ అనే మాట వింటే ఎలా ఉంటుందో, మన పరిస్థితీ అంతే.

‘నేను ఉన్నాను’ పుస్తకంలో ‘మిన్యా ఒలెన్’. హెల్సింకి వీధిలో ‘మ్యా ఓన్’. ‘నువ్వు ఉన్నావు’ అనే ‘సిన్యా ఒలెత్’ కాస్తా ‘స్యా ఓత్’. ‘నీ దగ్గర ఉందా’ అనే ‘ఒంకొ సినుల్ల’ ‘ఒంక్స్ సుల్ల’ అయిపోతుంది. ‘నాకు తెలీదు’ అన్న ‘ఎన్ తియెద్యా’ వేగంగా మాట్లాడేవాళ్ళ నోట ‘ఎమ్మ్యా తీయా’. అంకెలైతే మరీ తరుగుతాయి. ఇరవై ఐదు పుస్తకంలో ‘కక్సికిమ్మెంత్యావీసి’, షాపులో ‘కక్స్‌కిత్‌వీస్’. ఇక్కడ ‘కి’ అనేటప్పుడు ఈల వేస్తున్నట్టు పెదవులు చుట్టాలి. ఊరు మారితే ‘నేను’ కూడా మారుతుంది: తంపెరెలో ‘మ్యా’ని బాగా సాగదీస్తారు, తూర్పు వైపు ‘మియె’ అంటారు.

ఒక మాట మనల్ని ప్రత్యేకంగా తికమక పెడుతుంది. అతను, ఆమె రెండింటికీ రాత భాషలో ఒకటే మాట, ‘హ్యాన్’. మాటల్లో మాత్రం మనిషిని కూడా ‘సె’ అంటారు, అంటే ‘అది’. తెలుగులో మనిషిని ‘అది’ అంటే తిట్టినట్టే కాబట్టి, మొదట్లో వాళ్ళు ఏదో వస్తువు గురించి మాట్లాడుకుంటున్నారని అనుకునేవాణ్ణి. తీరా చూస్తే పక్కింటాయన గురించి.

ఏం చేయాలంటే, నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ పక్క పుస్తకం మాట, కుడి పక్క నోటి మాట రాయండి. ముప్పై నలభై జంటలు వంటబడితే చాలు, రోజూ వినపడే మాటల్లో పెద్ద భాగం విడిపోతుంది. ఫిన్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ యులె తేలిక భాషలో ఇచ్చే ‘సెల్కొ’ వార్తలు వినమని అందరూ చెబుతారు. వినండి, చాలా మంచివి. కానీ అవి రాత భాషలోనే ఉంటాయి. వాటితోనే ఆగిపోతే కౌంటర్ దగ్గర మళ్ళీ నాలాగే నిలబడతారు. యులె ఆన్‌లైన్ వీడియో సేవ అరేనాలో ఇంటి గొడవల సీరియళ్ళు, మామూలు మనుషులు కబుర్లు చెప్పుకునే కార్యక్రమాలు ఫిన్నిష్ సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే చెవి పనిచేయడం మానేస్తుంది. ఫిన్లాండ్ బయటి నుంచి కొన్ని తెరుచుకోవు, వార్తల్లాంటివి తెరుచుకుంటాయి.

మాటలన్నీ కలిసిపోయి ఒకే తీగలా వినిపిస్తాయి, తెలిసిన మాట కూడా గుర్తుపట్టలేను

దీనికి రెండు కారణాలు. ఒకటి సంధి. ‘తులె’ అంటే రా, ‘త్యాన్నె’ అంటే ఇక్కడికి. కలిపి పలికితే ‘తులెత్త్యాన్నె’. రాతలో లేని ఒత్తు నోట్లో పుడుతుంది. స్వాగతం చెప్పే మాటను ‘తెర్వెతులొఅ’ అని రాస్తారు, ‘తెర్వెత్తులొఅ’ అని పలుకుతారు. ‘వాడు ఎక్కడ’ అనే బదులు ‘వాడెక్కడ’ అనే మనకు ఇది కొత్త కాకూడదు.

రెండోది, విభక్తి చేరగానే మాట రూపం మారిపోవడం. ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. నిజానికి ఇక్కడే తెలుగు మనకు బాగా పనికొస్తుంది. నీరు ఫిన్నిష్‌లో ‘వెసి’, నీటిలో అంటే ‘వెదెస్స్యా’. చెయ్యి ‘క్యాసి’, చేతిలో అంటే ‘క్యాదెస్స్యా’. మనం ‘నీరులో’, ‘చెయ్యిలో’ అంటామా? నీరు నీటి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది. అక్కడా అదే జరుగుతోంది, అదీ అవే మాటల్లో! మొదటిసారి ఇది గమనించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ‘తలొస్స’ ఇంట్లో, ‘తలొస్త’ ఇంట్లోంచి, ‘తలోన్’ ఇంట్లోకి. పదిహేను విభక్తులని భయపెడతారు కానీ, మాట చివర అతికించే అలవాటు మనకు పుట్టుకతో ఉన్నదే. హెల్సింకిలో అనాలంటే ‘హెల్సిఙ్ఙిస్స్యా’. వర్ణమాలలో నేర్చుకుని మళ్ళీ దాదాపు ఎక్కడా వాడని మన ‘ఙ’ అక్కడ రోజూ వినిపిస్తుంది.

దీనికి నేను చూసినవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసింది తెలుగు లిపిలో డిక్టేషన్. సెల్కొ వార్తల్లో ఒక్క నిమిషం తీసుకోండి. మూడుసార్లు వినండి. వినపడింది వినపడినట్టు తెలుగు అక్షరాల్లో రాయండి. తర్వాత యులె ఆ వార్తలతోపాటు ఇచ్చే పాఠంతో పోల్చి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే హ్రస్వమా దీర్ఘమా, ఒత్తుందా లేదా అన్న సంగతి చెవి పట్టించుకోదు. తెలుగులో రాయాలంటే తేల్చుకోక తప్పదు. ఎ, ఏ వేరు; ఒ, ఓ వేరు. ఫిన్నిష్‌కి సరిగ్గా కావలసింది ఆ తేడాలే. మాట ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడానికి ఒక గుర్తు: ఫిన్నిష్‌లో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే పడుతుంది. గొంతు ఎక్కడ బరువెక్కితే అక్కడ కొత్త మాట.

నేను మాట్లాడితే ‘మిత్యా?’ అని మళ్ళీ అడుగుతారు

‘మిత్యా’ అంటే ‘ఏంటి’. వ్యాకరణం తప్పినా వాళ్ళు అర్థం చేసుకుంటారు, దీర్ఘం తప్పితే చేసుకోలేరు. ‘తులి’ నిప్పు, ‘తూలి’ గాలి, ‘తుల్లి’ కస్టమ్స్. మన కల, కాల, కల్ల లాగే. ‘తపాన్ సినుత్’ అంటే నిన్ను కలుస్తాను, ‘తపన్ సినుత్’ అంటే నిన్ను చంపుతాను. మాట మొదట్లో దీర్ఘాన్ని మనం బాగానే పలుకుతాం, చివర్లో మింగేస్తాం. అక్కడే జాగ్రత్త.

ఇంకో తప్పు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది. వాళ్ళ ‘త’ అచ్చంగా మన ‘త’. మనమేమో థాంక్స్‌కి ‘కీతొస్’ అనకుండా ‘కీటోస్’ అంటాం, తంపెరెని టాంపెరే చేస్తాం. చివర ‘ఉ’ చేర్చి ‘కీతొసు’ అనడం ఇంకోటి. బస్‌ని మనం బస్సు చేసుకున్నట్టు వాళ్ళూ ‘బుస్సి’ చేసుకున్నారు, బ్యాంకు ‘పంక్కి’ అయింది. మనకు ఉకారం, వాళ్ళకు ఇకారం.

‘హ’ సంగతి ఎవరూ చెప్పరు. ‘బ్రహ్మ’ని ‘బ్రమ్హ’ అని, ‘చిహ్నం’ని ‘చిన్హం’ అని పలికే అలవాటు మనలో చాలామందికి ఉంది. అదే అలవాటుతో ‘లహ్తి’ అనే ఊరి పేరు పలికితే ఎవరికీ తెలియదు. ముందు ‘లహ్’ అని ఊపిరి వదిలి, తర్వాత ‘తి’. ఇక ‘వార’ అంటే ప్రమాదం, ‘వ్యార్యా’ (ఇక్కడ మొదటి అచ్చు మాత్రం దీర్ఘం) అంటే తప్పు. ఈ రెండు అచ్చులూ కలిసిపోకూడదు.

రోజూ పది నిమిషాలు చాలు. స్థానికుడు చెప్పిన ఒక వాక్యం వినండి, అతని గొంతు వెనకే నీడలా పలకండి, ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. సొంత గొంతు వినడం మొదట ఇబ్బందిగానే ఉంటుంది. అయినా మానకండి.

మాటలు తెలుసు, సమయానికి నోరు పెగలదు

తెలుగులో అనుకుని, ఇంగ్లీషులోకి మార్చి, దాన్ని ఫిన్నిష్ చేస్తున్నారు. రెండు మజిలీలు. ఆకలేసినప్పుడు ఇంగ్లీషు పద్ధతిలో ‘మిన్యా ఒలెన్ న్యాల్క్యా’ అంటే ‘నేను ఆకలి’ అన్నట్టు. వాళ్ళు ‘మినుల్ల ఒన్ న్యాల్క్యా’ అంటారు, అచ్చం మన ‘నాకు ఆకలిగా ఉంది’ లాగే. ఇంగ్లీషు ‘హ్యావ్’ లాంటి క్రియ వాళ్ళకూ లేదు, మనకూ లేదు. ‘వస్తావా’లో ‘ఆ’ చేర్చినట్టు వాళ్ళు ‘తులెత్కొ’ అని ‘కొ’ చేరుస్తారు. మధ్యలో ఇంగ్లీషుని తీసేయండి. వంట చేస్తూ, బస్సు కోసం నిలబడి, చేస్తున్న పనిని తెలుగు నుంచి నేరుగా ఫిన్నిష్‌లో బయటికి చెప్పుకోండి.

నేను ఫిన్నిష్‌లో మొదలుపెడితే వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు

మీ భాష బాగాలేదని కాదు, మీకు సాయం చేద్దామని. ముందే చెప్పేయండి: ‘మ్యా ఒపెత్తెలెన్ సువొమెఅ. వొయిదాన్కొ పుహువ సువొమెఅ?’ ఫిన్నిష్ నేర్చుకుంటున్నాను, ఫిన్నిష్‌లో మాట్లాడుకుందామా అని. అర్థం కాకపోతే ‘వొయిత్కొ సనొఅ ఊదెస్తాన్?’ అంటే మళ్ళీ చెబుతారు. అవతలివాళ్ళు కాసేపు మౌనంగా ఉంటే టెన్షన్ పడి ఇంగ్లీషులోకి దూకొద్దు. ఇక్కడ మాటకూ మాటకూ మధ్య ఖాళీ మామూలే. ఊపిరి లోపలికి పీలుస్తూ ‘యో’ అన్నారంటే ఔననే అర్థం. లైబ్రరీల్లో ‘కియెలికహ్విల’ అని భాష నేర్చుకునేవాళ్ళ కోసం కాఫీ కబుర్ల సమావేశాలు జరుగుతాయి, అక్కడ ఎవరూ ఇంగ్లీషులోకి పారిపోరు.

మాట్లాడటానికి అసలు మనిషే లేడు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని నేర్చుకునేవాళ్ళ బాధ ఇది. ఫిన్లాండ్ పౌరసత్వం కోసం చాలామంది రాసే యికి అనే భాషా పరీక్ష మధ్య స్థాయిలో, మాట్లాడే భాగానికి కూడా ఎదురుగా మనిషి ఉండడు. హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్న వినిపిస్తుంది, ఇచ్చిన సెకన్లలో మైకులో జవాబు చెప్పాలి. ఆ పద్ధతినే ఇంట్లో పెట్టుకోండి. పది ప్రశ్నలు మీ గొంతుతో రికార్డు చేసి, ఒక్కోదాని తర్వాత ఇరవై సెకన్లు ఖాళీ వదలండి. నిన్న ఏం చేశావు, మీ ఊరు ఎలా ఉంటుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ మార్చుకోవాలి, ఇలాంటివి. ఇంకో ఫోన్‌లో మీ జవాబులు రికార్డు చేసుకుని తేదీ వేసి దాచండి. నెల తర్వాత అవే ప్రశ్నలకు మళ్ళీ జవాబు చెప్పి, పాతదీ కొత్తదీ వరసగా వినండి.