పెళ్లి రద్దు ఎప్పుడవుతుంది, స్టాంపు పేపర్ మీద రాసుకుంటే విడాకులు అయినట్టేనా

ముందు స్టాంపు పేపర్ సంగతి చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. మా చుట్టాల్లో ఒకమ్మాయికి పెళ్లైన ఏడాదిన్నరకే గొడవలొస్తే పెద్దమనుషులు పంచాయితీ పెట్టి వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఇకమీదట ఒకరికొకరికి సంబంధం లేదని రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, నోటరీ కూడా చేయించారు. అందరూ విడాకులైపోయాయనే అనుకున్నారు. రెండేళ్ల తర్వాత ఇంకో సంబంధం కుదిరి అవతలివాళ్లు కోర్టు డిక్రీ (విడాకులైనట్టు కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) చూపించమంటే అప్పుడు తెలిసింది, చట్టం లెక్కలో ఆ పిల్ల ఇంకా పెళ్లైన మనిషే అని. ఆ సంబంధం పోయింది.

హిందూ వివాహ చట్టం 1955 కింద జరిగిన పెళ్లిని తెంచేది కోర్టు డిక్రీ ఒక్కటే. నోటరీ స్టాంపు పడినంత మాత్రాన అది విడాకుల పత్రం అవ్వదు. సెక్షన్ 29 ప్రకారం కులాచారంగా వస్తున్న విడాకులకి మినహాయింపు ఉంది కానీ, ఆ ఆచారం తరతరాలుగా ఉందని సాక్ష్యాలతో నిరూపించాలి, అదంత తేలిక కాదు. ఆ కాగితాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద (పాత ఐపీసీ 494) ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు.

అలాగని ఆ కాగితం పూర్తిగా పనికిరాదని కాదు. ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారు, బంగారం ఎంత తిరిగిచ్చారు, డబ్బు ఎంత ముట్టింది అన్నదానికి సాక్ష్యంగా ఉంటుంది కాబట్టి చింపెయ్యకండి. కానీ సంతకం పెట్టేముందు ఒక్కో లైను చదవండి, ముఖ్యంగా ఆడపిల్ల తరఫువాళ్లు. "పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నాం" అని రాస్తే, భార్యగా మెయింటెనెన్స్ (భరణం) కేసు వేసినప్పుడు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144లో అదే అడ్డం తిరగొచ్చు. ఇంట్లోంచి గెంటేస్తే గెంటేశారనే రాయించండి. భవిష్యత్తులో భరణం అడగను అని రాయించుకున్నా కోర్టులు సాధారణంగా దాన్ని పట్టించుకోవు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అని మీరు రాసుకున్నది కూడా కోర్టుని కట్టిపడేయదు, పిల్లల మేలే చూస్తారు.

ఒప్పందానికి బలం రావాలంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేసి షరతులన్నీ అందులో పెట్టించాలి. దానికి కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలి, తగిన కారణాలుంటే ఆ ఆరు నెలలు కోర్టు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని వెనక్కి తగ్గొచ్చు, అందుకే మొత్తం డబ్బు మొదటి రోజే ఇచ్చెయ్యకుండా, పుచ్చుకునేవాళ్లు కూడా మొత్తం చివరికి వదిలెయ్యకుండా, విడతలుగా రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

ఇప్పుడు రద్దు గురించి. విడాకులంటే చెల్లే పెళ్లిని తెంచడం, రద్దంటే పెళ్లే సరిగ్గా జరగలేదని తేల్చడం. అదే చట్టం సెక్షన్ 11 కింద మొదటినుంచే చెల్లనివి మూడు రకాలు: అప్పటికే భార్యో భర్తో బతికుండటం, నిషేధించిన వరస కావడం, సపిండ బంధుత్వం (తల్లి వైపో తండ్రి వైపో దగ్గరి తరాల్లో ఇద్దరికీ ఒకే పూర్వీకుడు ఉండటం). మేనమామనో మేనబావనో చేసుకున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు, ఆచారం ఉన్నచోట ఆ వరసలు చెల్లుతాయని చట్టంలోనే ఉంది.

సెక్షన్ 12 వేరు, అక్కడ మీరు అడిగితేనే కోర్టు రద్దు చేస్తుంది. నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోవడం, పెళ్లినాటికే సమ్మతి ఇవ్వలేనంత మానసిక స్థితి, బలవంతంగా గానీ మోసంతో గానీ ఒప్పించడం, పెళ్లినాటికి వేరేవాళ్ల వల్ల గర్భం ఉండటం. కాపురం జరగలేదు అన్నదొక్కటే చాలదు, కారణం నపుంసకత్వం అని చూపించాలి. మూర్ఛ రోగం ఈ లిస్టులో లేదు, 1999లో తీసేశారు. జీతం కాస్త ఎక్కువ చెప్పారు లాంటి ప్రతి అబద్ధమూ మోసం కింద రాదు, ముందే తెలిస్తే ఈ పెళ్లికి ఒప్పుకునేవాళ్లే కాదు అన్నంత ముఖ్యమైన విషయం దాచి ఉండాలి. బయోడేటా, వాట్సాప్ మెసేజ్‌లు, ఆస్పత్రి కాగితాలు, మధ్యవర్తి చెప్పిన మాటలకి సాక్షులు, ఇవన్నీ ఆరోజు నుంచే దాచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం గడువు. మోసం బయటపడిన రోజు నుంచి, బలవంతమైతే అది ఆగిన రోజు నుంచి ఏడాదిలోపు కేసు వెయ్యాలి. గర్భం విషయంలో పెళ్లి రోజు నుంచే ఏడాది. తెలిసిన తర్వాత కూడా ఇష్టంగా కలిసి కాపురం చేస్తే కేసు పోయినట్టే. సర్దుకుంటుందిలే, పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఏడాది లాగేస్తారు, ఎంతమంది అలా నష్టపోయారో. విడాకులకి పెళ్లైన ఏడాది దాకా సాధారణంగా ఆగాలి, రద్దుకి అలా ఆగక్కర్లేదు, కాబట్టి వెంటనే కదలండి.

పెళ్లి రద్దైనా పిల్లలు సక్రమ సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంటుంది (సెక్షన్ 16). చెల్లని పెళ్లిలో కూడా భరణం ఇప్పించే అధికారం కోర్టుకి ఉందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. బాల్యవివాహమైతే 2006 చట్టం కింద, చిన్న వయసులో పెళ్లైనవాళ్లు మేజరయ్యాక రెండేళ్లలోపు రద్దు కోరొచ్చు. క్రైస్తవుల్లో చర్చి రద్దు చేసినా కోర్టు డిక్రీ తప్పదు. అమెరికాలో ఒకవైపే వెళ్లి తెచ్చుకున్న డిక్రీని నమ్మకండి, తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్న కేసులో 1991లోనే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

కేసు ఫ్యామిలీ కోర్టులో వెయ్యాలి, అది లేనిచోట జిల్లా కోర్టు పరిధిలో. భార్య వేస్తే తను ఇప్పుడుంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు, భర్త ఊరికి తిరగక్కర్లేదు. లాయరు ఫీజుకి డబ్బుల్లేవని ఆగిపోకండి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. వెళ్లేటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆధార్, ఆ స్టాంపు పేపర్ ఉంటే అది కూడా పట్టుకెళ్లండి.