రేడియో సంకేతాలకు మెషిన్ లెర్నింగ్, 4వ భాగం: నెట్‌వర్క్ నేర్చుకున్నది మాడ్యులేషనా, మీ రికార్డింగా?

గత భాగంలో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) పెట్టుకుని, ఏ సంకేతం వాటర్‌ఫాల్‌లో (కాలంతో పాటు ఫ్రీక్వెన్సీలను చూపే చిత్రంలో) ఎలా కనిపిస్తుందో కంటితో పోల్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ పని, అంటే సంకేతం ఏ మాడ్యులేషన్‌దో (సమాచారాన్ని రేడియో తరంగం మీదికి ఎక్కించే పద్ధతి) గుర్తించడం, న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగిద్దాం. నాలుగు తరగతులు చాలు: ఎఫ్ఎం ప్రసారం, 433.92 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే రిమోట్ (ఆన్-ఆఫ్ కీయింగ్, అంటే తరంగాన్ని వెలిగించి ఆర్పుతూ పంపడం), 865.0625 మెగాహెర్ట్జ్‌లో లోరా (ఫ్రీక్వెన్సీ జారుతూ పోయే చిర్ప్‌లతో పంపే పద్ధతి), ఏ సంకేతమూ లేని ఖాళీ నాయిస్. రిమోట్, లోరా నోడ్ మీ సొంతవే వాడండి. మనం చూసేది సంకేతం ఆకారాన్నే. లోపలి సమాచారం జోలికి పోం.

నెట్‌వర్క్ కోడ్ గంటలో అయిపోతుంది. దానికి పెట్టే డేటాలోనే కష్టమంతా ఉంది, కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం డేటాకే.

రికార్డింగ్

శాంపిల్ రేటు సెకనుకు 10,24,000 పెట్టండి. ఒక్కో శాంపిల్‌కు రెండు బైట్లు కాబట్టి 30 సెకన్ల ఫైలు సుమారు 61 మెగాబైట్లు వస్తుంది. ఆటోమేటిక్ గెయిన్ (సంకేతాన్ని ఎంత పెంచాలో రిసీవరే నిర్ణయించడం) తీసేయండి. రిమోట్‌ను యాంటెనాకు 5 నుంచి 10 మీటర్ల దూరంలో ఉంచి, గెయిన్ 20.7 డెసిబెల్‌తో మొదలుపెట్టండి. ఫైల్లో 0, 255 విలువలున్న బైట్లు వెయ్యికి ఒకటి దాటితే సంకేతం నెత్తిన తెగిపోతున్నట్టే. గెయిన్ తగ్గించి మళ్లీ తీయండి.

కావలసిన ఫ్రీక్వెన్సీకి నేరుగా ట్యూన్ చేయొద్దు. 200 కిలోహెర్ట్జ్ కిందికి జరపండి, రిమోట్‌కైతే 433.72. రిసీవర్ మధ్యలో ఉండే డీసీ మచ్చ అప్పుడు సంకేతం మీద పడదు. డాంగుల్ క్రిస్టల్ 28.8 మెగాహెర్ట్జ్ కాబట్టి దాని గుణకాలైన 432, 864 దగ్గర కూడా దొంగ గీతలు కనిపిస్తాయి. వాటికి దూరంగా ఉండండి.

తర్వాత ప్రతి బైటు నుంచి 127.5 తీసేసి, 127.5తో భాగించండి. వరసలో మొదటిది ఐ, రెండోది క్యూ; ఒక్కో శాంపిల్‌కు ఈ రెండు భాగాలు. సంకేతాన్ని 200 కిలోహెర్ట్జ్ జరిపి మధ్యకు తెచ్చి, 110 కిలోహెర్ట్జ్ దగ్గర తెగే లో-పాస్ ఫిల్టర్ వేసి, నాలుగింటికి ఒక శాంపిల్ ఉంచండి. ఫిల్టర్ వేయకుండా శాంపిళ్లు తగ్గిస్తే పక్క స్టేషన్ వచ్చి మన బ్యాండ్‌లో కూర్చుంటుంది.

ఇప్పుడు రేటు సెకనుకు 2,56,000. 1,024 శాంపిళ్ల విండో (నెట్‌వర్క్‌కు ఒకసారి ఇచ్చే ముక్క) అంటే 4 మిల్లీసెకన్లు. లోరాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఒక్కో చిర్ప్ ఎంత పొడవో నిర్ణయించే అంకె) 7, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్ అయితే ఒక సింబల్ 1.024 మిల్లీసెకన్లు, కాబట్టి విండోలో దాదాపు నాలుగు చిర్ప్‌లు పడతాయి. అదే ఫ్యాక్టర్ 12 అయితే ఒక్క సింబలే 32.768 మిల్లీసెకన్లు పడుతుంది. విండోలో కనిపించేది అందులో ఎనిమిదో వంతు, మెల్లగా పాకే ఒక స్వరం మాత్రమే. ఈ పాఠానికి 7తోనే ఉండండి.

లేబుళ్లు

ఎఫ్ఎం ఆగకుండా వస్తుంది. రిమోట్, లోరా మాత్రం అప్పుడప్పుడూ మెరుస్తాయి. ఫైలు మొత్తానికి "రిమోట్" అని ముద్ర వేస్తే అందులో చాలా విండోలు ఖాళీవే ఉంటాయి, నెట్‌వర్క్ నాయిస్‌నే రిమోట్ అని నేర్చుకుంటుంది. ఒక్కో విండో శక్తి లెక్కకట్టి, నాయిస్ మట్టం కంటే 6 డెసిబెల్ పైన ఉన్నవి తీసుకోండి, 3 లోపు ఉన్నవి ఖాళీ అనండి, మధ్యవి పారేయండి. రిమోట్, లోరా ఫైళ్లలో విండోల శక్తుల మీడియన్‌ను నాయిస్ మట్టంగా వాడొచ్చు. ఎఫ్ఎంకు ఇది కుదరదు. అక్కడ మీడియన్ అంటే స్టేషనే. అదే బ్యాండ్‌లో స్టేషన్ లేని చోట విడిగా ఒక ఫైలు తీసుకోవాలి.

అసలు ఉచ్చు

ఇలా తయారుచేసిన డేటాతో శిక్షణ ఇస్తే మొదటి రోజే 99 శాతం రావచ్చు. సంబరపడకండి. మన సంకేత తరగతులు మూడూ మూడు వేర్వేరు ఫ్రీక్వెన్సీల నుంచి వచ్చాయి. ట్యూనర్ ఫిల్టర్ వల్ల ఒక్కో చోట నాయిస్ వాలు ఒక్కో రకంగా ఉంటుంది. తక్కువ గెయిన్‌లో నాయిస్ బైటు విలువల్లో ఒకటి రెండు మెట్ల మధ్యే ఊగుతుంది. విండోను ఎంత సాధారణీకరించినా ఆ మెట్ల జాడ పోదు. నెట్‌వర్క్‌కు మాడ్యులేషన్ కంటే ఈ జాడలు తేలిగ్గా దొరుకుతాయి.

దీన్ని బయటపెట్టే పరీక్ష ఒకటుంది, తప్పనిసరిగా చేయండి. మూడు ఫ్రీక్వెన్సీల్లోనూ తీసిన ఖాళీ విండోలను మాత్రమే తీసుకుని, ఏది ఎక్కడిదో చెప్పమని చిన్న నెట్‌వర్క్‌కు శిక్షణ ఇవ్వండి. సంకేతమే లేదు కాబట్టి ఊహించి చెబితే 33 శాతం దగ్గర ఆగాలి. 80, 90 వచ్చిందంటే మీ రికార్డింగ్‌కే వేలిముద్ర ఉన్నట్టు. దాన్ని చెరపకుండా ముందుకు వెళితే మొదటికే మోసం.

చెరపడం ఇలా. 25 డెసిబెల్‌కు పైగా బలంగా ఉన్న సంకేత విండోలనే ఎంచుకుని, వాటికి మిగతా రెండు ఫ్రీక్వెన్సీల్లో తీసిన నాయిస్ కలపండి: రిమోట్‌కు ఎఫ్ఎం దగ్గరి నాయిస్, ఎఫ్ఎంకు 865 దగ్గరిది. ఖాళీ తరగతిలోకి మూడు చోట్ల నుంచీ సమానంగా తీసుకోండి. ప్రతి ఫ్రీక్వెన్సీలో కనీసం మూడు గెయిన్‌లతో రికార్డు చేయండి. ఫేజ్‌ను 0 నుంచి 360 డిగ్రీల మధ్య యాదృచ్ఛికంగా తిప్పండి. ఫిల్టర్‌కు ముందే ఫ్రీక్వెన్సీని ±30 కిలోహెర్ట్జ్ లోపు జరపండి: క్రిస్టల్ 30 పీపీఎం (పది లక్షలకు 30 వంతులు) తప్పితే 865 దగ్గర అది 26 కిలోహెర్ట్జ్ తేడా. చివరగా ప్రతి విండోనూ దాని ఆర్ఎంఎస్‌తో (వర్గాల సగటుకు వర్గమూలం) భాగించండి.

నాయిస్ కలిపేటప్పుడు సంకేతానికీ నాయిస్‌కూ నిష్పత్తి −10 నుంచి +20 డెసిబెల్ వరకు ఉంచండి. ఇది 256 కిలోహెర్ట్జ్ మొత్తం మీద లెక్క. లోరా ఉండేది 125లోనే కాబట్టి −10 అన్నది దానికి −7 కిందే లెక్క. బ్యాండ్‌విడ్త్ చెప్పని డెసిబెల్ అంకెకు విలువ లేదు.

శిక్షణకూ పరీక్షకూ విండోలను కలగాపులగం చేసి పంచకండి, ఫైళ్లుగా పంచండి. వేర్వేరు రోజుల్లో తీసిన ఎనిమిది ఫైళ్లలో ఐదు శిక్షణకు, ఒకటి సరిచూసుకోవడానికి, రెండు చివరి పరీక్షకు.

నెట్‌వర్క్

ఇన్‌పుట్ 2×1024. నాలుగు కన్వల్యూషన్ పొరలు, ఫిల్టర్లు 32, 64, 64, 128, కెర్నల్ 7, స్ట్రైడ్ 2. ప్రతి పొర తర్వాత బ్యాచ్ నార్మలైజేషన్, రెలూ. ఆఖర్న గ్లోబల్ యావరేజ్ పూలింగ్, నాలుగు అవుట్‌పుట్‌లు. మొత్తం పరామితులు సుమారు 1,02,000; మామూలు ల్యాప్‌టాప్ చాలు. శిక్షణకు ఆడమ్ పద్ధతి, లెర్నింగ్ రేటు 0.001, బ్యాచ్ 256, ముప్పై ఎపాక్‌లు (డేటా మొత్తం మీద ముప్పై చుట్లు).

ఫలితాన్ని ఒక్క శాతంగా చూడొద్దు. 2 డెసిబెల్‌కు ఒకటి చొప్పున కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్‌లు (ఏ తరగతిని ఏదిగా చెప్పిందో చూపే పట్టికలు) గీయండి. 2016లో వచ్చిన రేడియోఎంఎల్ 2016.10ఎ డేటాసెట్ అలాగే తయారైంది: 11 మాడ్యులేషన్లు, −20 నుంచి +18 దాకా 2 డెసిబెల్ మెట్లు, 128 శాంపిళ్ల ఉదాహరణలు 2,20,000. అందులో నాయిస్ తక్కువున్నా నెట్‌వర్క్‌లు వైడ్‌బ్యాండ్ ఎఫ్ఎంను ఏఎంగా పొరబడతాయి, ఎందుకంటే మాటల మధ్య నిశ్శబ్దంలో రెంటిలోనూ మిగిలేది కారియరే. మీ ఎఫ్ఎం విండోల్లోనూ నిశ్శబ్దం వస్తుంది. స్టీరియో స్టేషనైతే 19 కిలోహెర్ట్జ్ పైలట్ స్వరం అప్పుడూ ఉంటుంది, 4 మిల్లీసెకన్లలో 76 ఆవృతాలు. నెట్‌వర్క్ దాని మీదే ఆధారపడిందేమో తేల్చుకోవాలంటే పైలట్ లేని మోనో ప్రసారంతో పరీక్షించండి.

5వ భాగానికి ముందు ఖాళీ విండోల పరీక్షను వేలిముద్ర చెరపకముందు ఒకసారి, చెరిపాక ఒకసారి చేసి రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. పరీక్షకు దాచిన రెండు ఫైళ్లను ముట్టుకోవద్దు. నాలుగు తరగతుల్లో దేనికీ చెందని సంకేతం వస్తే "తెలియదు" అని నెట్‌వర్క్‌తో ఎలా చెప్పించాలో ఆ ఫైళ్లతోనే మొదలుపెడతాం.