ఇంటి కాపలాకు తుపాకీ కొనేముందు

ముందు లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. 21 ఏళ్లు నిండి ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో దరఖాస్తు కలెక్టర్‌కు వెళ్తుంది, పోలీసులు వచ్చి ఎంక్వైరీ చేస్తారు. ఎవరో తక్కువకు నాటు తుపాకీ ఇప్పిస్తానంటే ఆ మనిషితో మాటలే వద్దు. దొరికితే కనీసం 2 ఏళ్ల జైలు.

9 ఎం.ఎం. పిస్టల్ మీద మోజు వదులుకోండి, అది నిషేధిత బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత). మామూలు జనానికి దొరికేవి .32 రివాల్వర్, 12 బోరు తుపాకీ.

బావికాడ ఒంటరి ఇల్లయితే 12 బోరు పెద్ద తుపాకీ నయం. వాడకట్టులో గోడకు గోడ ఆనుకున్న ఇల్లయితే మాత్రం తూటా ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవాలి. సిమెంటు రేకు దాన్ని ఆపదు, అవతల పక్కింటోళ్ల మంచం ఉంటుంది.

తుపాకీ ఖాళీ చేసి ఇనుప బీరువాలో, తూటాలు వేరే తాళంలో. తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టడం మనకు అలవాటు. పిల్లలకు ఆ చోటు మనకంటే బాగా తెలుసు!

ఇంట్లో తాగుడు, కోపం ఉన్న మనిషి ఉంటే అసలు కొనకండి.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. అన్నాళ్లూ కాపలాకు కుక్క, వాకిట్లో లైటే.