ఇంగ్లీషు మాటను తెలుగులో రాయాలంటే ముందు స్పెల్లింగ్ మర్చిపోండి

మొన్న మా బావ కొట్టుకు ఫ్లెక్సీ కొట్టించాడు. రెండడుగుల అక్షరాల్లో "హార్డ్వేర్" అని వచ్చింది. ర కింద డ వత్తు, దాని కింద వ వత్తు, పండగ పూట బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నేను టైపు చేసి పంపింది సరిగ్గానే ఉంది, దారిలో ఒక కనిపించని అక్షరం రాలిపోయింది. దాని సంగతి తర్వాత.

ముందు మాటను పైకి అనండి, చెవికి ఏది వినిపిస్తే అది రాయండి. కేక్, బ్యాంక్, కాల్ మూడింట్లోనూ ఇంగ్లీషులో ఉన్నది ఒకటే 'ఏ', మనకు మాత్రం ఏత్వం, యా, ఆ అని మూడు రకాలుగా పడుతుంది. వినాల్సింది మన నోరు, అమెరికావాళ్ళది కాదు. అక్కడ పుట్టిన మేనకోడలు "వాడర్" అంటే అననివ్వండి, మీరు వాటర్ అనే రాయండి.

బ్యాంకులో ఉన్న ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు, శబ్దం మాత్రం ఉంది. మేక అని మామూలుగా అని చూడండి, మధ్యలో అదే వస్తుంది. అందుకే 'యా'తో సర్దుకుంటున్నాం. కానీ హిందీకి లేని సుఖం ఒకటి మనకుంది, ఎ వేరు, ఏ వేరు. టెస్ట్ రాయడానికి వెళ్ళేవాడికీ టేస్ట్ చూడ్డానికి వెళ్ళేవాడికీ తేడా ఒక్క దీర్ఘమే, దాని దగ్గర బద్ధకించకండి. జీరో, జూ లాంటి వాటికి ౙ వాడదామా అని అడుగుతుంటారు. అది 2008లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలోకి, వచ్చింది, కానీ అది జత, జల్లెడల్లో పలికే జ, చాలామందికి చదవడం కూడా రాదు. మామూలు జ చాలు.

సున్న దగ్గర చాలామంది జారతారు. బ్యాంకు, పంపు, ఇంజను వరకు బాగానే ఉంటుంది, కానీ స ముందు సున్న పెడితే తెలుగువాడు 'మ్' అని చదువుతాడు, హింస, మాంసం చూడండి. కాబట్టి లైసెన్స్, సైన్స్ అని న పొల్లుతోనే రాయాలి. మాట చివర సున్న కూడా 'మ్' అవుతుంది, అందుకే టీం ఒప్పు, ఫోన్‌కు సున్న పనికిరాదు.

ఇక మాట చివర. పాతకాలం నుంచి ఇంట్లో తిరుగుతున్న మాటలకు ఉకారం తగిలించేయండి. చిన్న మాటల్లో ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టిస్తుంది: బస్సు, పెన్ను, కప్పు. పొడుగైతే రెట్టించదు: కారు, కేకు, ట్యూబు. రోడ్డు లాంటివి మాట వినవు, వదిలేయండి. ఉకారం ఉంటే లో, కి, తో అన్నీ హాయిగా అతుక్కుంటాయి.

పొల్లుతోనే ఉంచాలంటే, మధ్యలో పొల్లు వచ్చిన ప్రతిచోటా ఆ కనిపించని అక్షరం కావాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, పక్కన వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడమే దాని పని. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే లేఖిని సైటులో క్యారెట్ గుర్తు (^) కొడితే వస్తుంది. విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కాలి. ఫోన్‌లో దొరక్కపోతే ఎక్కడైనా సరిగ్గా ఉన్న "సాఫ్ట్‌వేర్" కాపీ చేసుకుని, అటూ ఇటూ అక్షరాలు చెరిపేసి వాడుకోండి, నేను ఏళ్ళ తరబడి చేసింది అదే. పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఇది రాలిపోవచ్చు, కాబట్టి అచ్చుకు ఇచ్చేటప్పుడు పక్కన ఒక ఫొటో కూడా పంపండి, ప్రూఫ్ చూడకుండా డబ్బులివ్వకండి.

బావ రెండో ఫ్లెక్సీకి "హార్డువేరు షాపు" అని రాసిచ్చాను. కొంచెం పాతకాలంగా ఉందన్నాడు గానీ, దాన్ని ఏ ఫాంటులోకి మార్చినా వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కవు.