కియాంతి కొండల్లో రోడ్డు సైకిల్ తొక్కడం ఎలా?

ఇటలీలో ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య కియాంతి కొండలున్నాయి. అక్కడ సైకిల్ తొక్కాలనుకునే ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఎక్కడం కష్టమా?" అని. కష్టమే, కానీ ప్రమాదం కాదు. ఆయాసం వస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ తొక్కుతాం. మోచేతులు గీరుకుపోయేదీ, మణికట్టు విరిగేదీ దిగేటప్పుడే. దాని గురించి ఎవరూ అడగరు. గేర్ల గురించి గంటలకొద్దీ మాట్లాడి, బ్రేకు ఎక్కడ పట్టాలో తెలియకుండానే కొండ దిగేస్తారు. అందుకే మిగతావన్నీ గబగబా ముగించి, దిగడం దగ్గర తీరిగ్గా ఆగుతాను.

సైకిల్, సామాను

సైకిల్ అక్కడే అద్దెకు తీసుకోండి. గొలుసు తిరిగే పళ్లచక్రాల్లో ముందువైపు చిన్నదానికి 34 పళ్లు, వెనకవైపు పెద్దదానికి 32 లేదా 34 పళ్లు ఉండాలి. డిస్క్ బ్రేకులు ఉండాలి. టైరు వెడల్పు 30 లేదా 32 మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నటి టైర్లు ఈ రోడ్లకు పనికిరావు. హెల్మెట్, రెండు నీళ్ల సీసాలు, ఒక ట్యూబు, పంపు, పల్చటి విండ్‌చీటర్ చాలు. వీపుకు బ్యాగు తగిలించుకోవద్దు. మలుపుల్లో బ్యాలెన్స్ చెడగొడుతుంది, మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది.

ఈ-బైక్ తీసుకుంటే తప్పేం లేదు. అయితే అది బరువైన బండి. ఎక్కేటప్పుడు మోటారు మోసే ఆ బరువును దిగేటప్పుడు మీ బ్రేకులే ఆపాలి. నా మటుకు నాకు మామూలు సైకిలే మేలు. ఎక్కడానికి కష్టపడినవాళ్లకు ఆ రోడ్డు ఎంత నిట్రంగా ఉందో ఒళ్లే చెబుతుంది, దిగేటప్పుడు జాగ్రత్త దానంతటదే వస్తుంది.

ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య వరకు ఇంకా బాగుంటుంది, ద్రాక్ష కోతలు చూడొచ్చు. జూలై, ఆగస్టుల్లో ఎండ మాడ్చేస్తుంది, వెళ్లకండి.

దారి

మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ చుట్టు తొక్కాలి: గ్రేవె, పన్‌జానో, కాస్టెల్లీనా, రాద్దా, అక్కణ్ణుంచి లుకరెల్లి మీదుగా మళ్లీ పన్‌జానో, గ్రేవె. మొత్తం 50 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గ్రేవె సముద్రమట్టానికి 236 మీటర్ల ఎత్తులో ఉంటే కాస్టెల్లీనా 578 మీటర్ల మీద ఉంది. మధ్యలో పేసా నది లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి కాబట్టి కాళ్లు ఈ అంకెలు చెప్పేదానికన్నా చాలా ఎక్కువే ఎక్కుతాయి.

బయల్దేరడం పొద్దున్నే బయల్దేరాలి. ఈ ప్రాంతపు వైన్ సీసాల మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటుంది. దానికో కథ చెబుతారు. ఫ్లోరెన్స్, సియెనా మధ్య సరిహద్దు తగవు తెగక, కోడి కూయగానే రెండు వైపుల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలని, ఇద్దరూ కలిసిన చోటే హద్దని ఒప్పుకున్నారట. సియెనావాళ్లు తమ కోడికి కడుపునిండా మేత పెట్టారు. ఫ్లోరెన్స్‌వాళ్లు తమ నల్లకోడిని పస్తు పెట్టారు. ఆకలికి అది తెల్లవారకముందే కూసింది. వాళ్ల రౌతు సియెనా దాపుల్లోకి వచ్చేశాడు, కియాంతిలో ఎక్కువ భాగం ఫ్లోరెన్స్ పాలైంది. కథ నిజమో కాదో గానీ, గ్రేవె నుంచి కాస్టెల్లీనా దాకా మనం తొక్కే ఎస్.ఆర్. 222 రోడ్డు మీద మాత్రం పొద్దున్నే వచ్చినవాడిదే హాయి. పది దాటితే కార్లు, మోటారు సైకిళ్లు మొదలవుతాయి.

ఎక్కడం

పెద్దగా చెప్పేదేమీ లేదు. కొండ మొదలు కాకముందే తేలిక గేరులోకి రండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతోనే తొక్కండి. కూర్చునే తొక్కండి. ఊళ్ల బయట రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు వెళ్లాలి, అక్కడ చట్టమే అది.

దిగడం

సైకిల్ చేతికి రాగానే చూడాల్సింది బ్రేకు లివర్లు. మన సైకిళ్లకూ స్కూటర్లకూ కుడిచేతిది ముందు బ్రేకు. ఇటలీలో మామూలుగా ఎడమచేతిది ముందు బ్రేకు. ఈ తేడా తెలియక, వెనక బ్రేకు అనుకుని ఎడమ లివర్ గట్టిగా నొక్కినవాళ్లు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు. షాపువాళ్లను మార్చమని అడగొచ్చు. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులైతే గొట్టాలు విప్పి మార్చాలి కాబట్టి ఆ మాట బుక్ చేసేటప్పుడే చెప్పాలి. మార్చకపోతే ఖాళీ స్థలంలో చేతులకు అలవాటయ్యేదాకా తిరగండి. "దార్లో అలవాటవుతుందిలే" అనుకోవద్దు. కంగారులో చేతులు పాత అలవాటుకే పోతాయి.

వాహనాలు అక్కడ కుడివైపు నడుస్తాయి. తిన్నటి రోడ్డు మీద అది గుర్తుంటుంది. టీ తాగి బయల్దేరేటప్పుడు, ఖాళీ రోడ్డు మీద ఎడమకు తిరిగినప్పుడు మర్చిపోతాం. ఆగిన ప్రతిచోటా, మళ్లీ పెడల్ మీద కాలు పెట్టేముందు "కుడివైపు" అని పైకి అనండి. సిగ్గుపడకండి.

ఇక మలుపు. అసలు సూత్రం ఒకటే: వేగం మలుపుకు ముందే తగ్గాలి, మలుపులో కాదు. టైరుకున్న పట్టు ఒక హద్దు వరకే. మలుపు తిరగడానికి కొంత పట్టు ఖర్చవుతుంది, బ్రేకు వేయడానికి కొంత. రెండూ ఒకేసారి అడిగితే టైరు జారుతుంది. కాబట్టి సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, తిన్నటి రోడ్డు మీదే రెండు బ్రేకులూ కలిపి పట్టండి. ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే దాన్ని ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా బిగించాలి, నడుం కాస్త వెనక్కి జరపాలి. మలుపు కనబడగానే మొదలుపెట్టండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతారు. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది.

కొండ పైనుంచి కింది దాకా బ్రేకులు కొద్దికొద్దిగా పట్టుకునే ఉండటం జాగ్రత్త అనుకుంటారు. కాదు. బ్రేకులు వేడెక్కుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నిజంగా అవసరమైనప్పుడు రెండూ ఉండవు. గట్టిగా పట్టి వేగం దించండి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పట్టండి.

చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉండాలి. అక్కడైతే లివర్ మీద బలం దొరుకుతుంది, బరువు కిందికి దిగుతుంది. మలుపులో బయటివైపు పాదం కింద ఉంచి దాని మీద బరువు మోపండి. లోపలి పెడల్ పైన ఉండాలి, లేకపోతే రోడ్డుకు తగులుతుంది. చూపు మలుపు చివర మీద ఉండాలి. గుంట మీద చూపు పెడితే గుంటలోకే పోతారు, ఇది ఎంతోమంది విషయంలో చూశాను. మలుపు విశాలంగా తీసుకోండి, కానీ మధ్య గీత ఎప్పుడూ దాటొద్దు. ఎదురుగా వచ్చే మోటారు సైకిల్ మీకన్నా వేగంగా, ఆ గీత మీదే వస్తూ ఉండొచ్చు.

ఈ కొండలకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఇక్కడ 'స్ట్రాదే బియాంకే' అనే తెల్ల కంకర రోడ్లు తారు రోడ్డులో కలుస్తుంటాయి. గైయోలె ఊళ్లో 1997లో మొదలైన ఎరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర ఈ తెల్లరోడ్లను కాపాడాలన్న ఉద్దేశంతో పుట్టిందే. అవి ఉండాల్సినవే. అయితే కలిసే చోట కార్ల టైర్లు ఆ సన్న కంకరను తారు మీదికి లాక్కొస్తాయి. చాలాసార్లు అది మలుపు లోపలి అంచున, సరిగ్గా మీ టైరు వాలే చోట, విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటుంది. ఎండలో తెల్లగా కనిపిస్తుంది, ఓక్ చెట్ల నీడలో కనబడదు. ఎండలోంచి నీడలోకి పోయేటప్పుడు కంటికి చూపు ఆనడానికి కూడా కొంత సమయం పడుతుంది. అందుకే నీడలో ఉన్న మలుపు ముందు మామూలుకన్నా ఇంకా వేగం తగ్గించండి. కోతల కాలంలో ట్రాక్టర్ చక్రాల నుంచి రాలిన బంకమట్టి పెళ్లలుంటాయి. వాన పడితే రోడ్డు మీది తెల్ల గీతలు జారతాయి. కంకర మీదికి వచ్చేశాక చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం: ముందు బ్రేకు వదిలేసి, సైకిల్ నిటారుగా పెట్టి, దాన్ని దాటనివ్వండి.

ముందువాళ్ల వెనక చక్రానికి మరీ దగ్గరగా అంటుకుని దిగొద్దు. వాళ్లకు కనిపించిన కంకర మీకు కనిపించదు. ఫోన్‌లో రికార్డు పెట్టి దిగుడులో టైములు కొలుచుకునేవాళ్లతో అసలు వెళ్లనే వద్దు.

పన్‌జానో నుంచి గ్రేవెకు చివరి దిగుడు మరీ జాగ్రత్తగా దిగాలి. కాళ్లు అలిసిపోయి ఉంటాయి, ఊరు దగ్గర పడిందని మనసు తొందరపడుతుంది. పన్‌జానోలో ఆగి, ఏదైనా తిని, విండ్‌చీటర్ జిప్పు మెడ దాకా వేసుకుని అప్పుడు దిగండి. చలికి వణికే చేతులు బ్రేకును సరిగ్గా పట్టవు.

ఊళ్లు, వైన్

పాత ఊళ్లలోకి రాగానే వేగం తగ్గించండి, రాళ్లు పరిచిన సందుల్లో దిగి నడిపించండి. కాస్టెల్లీనాలో కోటగోడ లోపలివైపు వీయా దెల్లె వోల్తె అనే కప్పున్న వీధిలోకి సైకిల్ తీసుకెళ్లకుండా నడిచి వెళ్లండి, మధ్యమధ్యలో కిటికీల్లోంచి లోయ కనిపిస్తుంది. రాద్దాలో పోదెస్తా (పాతకాలపు పాలనాధికారి) భవనం ముందుగోడ నిండా పాత పాలకుల చిహ్నాలున్నాయి. దుకాణాలు మధ్యాహ్నం చాలాచోట్ల మూసేస్తారు, తిండి అంతకుముందే కొనుక్కోండి. కొళాయి మీద 'నోన్ పొటాబిలే' అని ఉంటే ఆ నీళ్లు తాగొద్దు.

వైన్ సంగతికొస్తే, సైకిల్‌కు తాళం పడి, ఇక ఆ రోజుకు తొక్కేది లేదన్నాకే గ్లాసు పట్టాలి. దార్లో రుచి చూడ్డం కూడా వద్దు. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు, సైకిల్ తొక్కేవాళ్లకూ అదే. కియాంతి వైన్ ప్రాంతపు హద్దుల్ని 1716లోనే టస్కనీ పాలకుడు మూడో కోసిమో దె మెదిచి శాసనంతో గీశాడు, అన్నేళ్లుగా ఉన్న వైన్ సాయంత్రం దాకా ఎక్కడికీ పోదు. సీసాలు కొంటే సైకిల్‌కు వేలాడదీయొద్దు. బసకు పంపమని తోటవాళ్లనే అడగండి, వాళ్లు పంపలేమంటే మర్నాడు బస్సులో వెళ్లి తెచ్చుకోండి.